మూడు రబ్బరు గొట్టములు

పల్నాటిసీమలో నల్లమల కొండల చేరువను బొల్లాపల్లి యను గ్రామము కలదు. అది మండల కేంద్రమైనను పెద్ద ఊరు కాదు. చుట్టును మిరప, ప్రత్తి, కంది చేలు. వానిని దాటినచో రాతినేలలు, ముండ్లపొదలు, వాని వెనుక నీలముగా కొండలు. ఏ పెద్ద పనికైనను ఊరివారు వినుకొండకు గాని, అంతకంటె దూరమైన నరసరావుపేటకు గాని పోవలసినదే. ఆ ఊరిలో ఒక ఇంటి ప్రక్కనున్న రేకుల పాకలో తెల్లని అంబాసిడరు కారు ఒకటి ఏబది సంవత్సరములుగా నున్నది.

ఆ ఇంటి యజమాని ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. కారును ఆయన తండ్రి 1974వ సంవత్సరములో కొనెను. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును నమూనాగా గొని, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారములో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ ఆ బండ్లను తయారుచేసెడిది. 1950వ దశకము చివర ఆరంభమైన ఆ నిర్మాణము 2014లో నిలిచిపోయెను. ఆ నడుమ మంత్రులు, కలెక్టర్లు మొదలుకొని టాక్సీలలో పోవు సామాన్యుల వరకు అందరును అంబాసిడరునే యెక్కిరి.

బొల్లాపల్లిలోని కారుకు మంత్రులను మోయు భాగ్యము కలుగలేదు. అది మిరపకాయల బేరమునకు పోవు రైతులను మోసెను, పెండ్లికొడుకులను మోసెను, వానకాలపు నడిరేయి ప్రసవవేదన పడు స్త్రీలను, పాము కరచిన కూలీలను వైద్యుని కడకు చేర్చెను. ఆ కారులోనే పుట్టినవారు ఊరిలో ఇద్దరున్నారని పెద్దలు నేటికిని చెప్పుకొందురు. అందుచేత తండ్రి గతించిన తరువాత, "ఇనుపసామానుల వానికి అమ్మివేయరాదా?" అని ఎందరు చెప్పినను ఉపాధ్యాయుడు వినలేదు. వారమునకొక మారు దానిని కడుగును. ఇంజనుకు నూనె మార్చును. నెలకొకటి రెండు పర్యాయములు భార్యను, మనుమని ఎక్కించుకొని వినుకొండ వరకు పోయి వచ్చును. కుమారుడును కోడలును ఉద్యోగములకై హైదరాబాదులో నుండగా, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ మనుమడు తాత యొద్దనే పెరుగుచుండెను.

2024వ సంవత్సరము కార్తికమాసములో ఒకనాటి సాయంకాలము వారు వినుకొండ నుండి తిరిగి వచ్చుచుండిరి. సగము దూరము వచ్చుసరికి కారు బరువెక్కినట్లు తోచెను. స్టీరింగు నిటారుగా పట్టుకొన్నను బండి ఎడమ ప్రక్కకు లాగుచుండెను. కొంతసేపటికి ఏదో మాడిన వాసన వచ్చెను. ఇల్లు చేరి చూడగా మూడు చక్రములు మామూలుగా నుండెను. ముందరి ఎడమ చక్రము మాత్రము పెనమువలె వేడెక్కి యుండెను.

ఆ రాత్రి ఆయనకు నిదుర సరిగా పట్టలేదు. తెల్లవారగనే పోయి జాకీతో చక్రమును పైకెత్తి చేతితో త్రిప్పెను. చక్రము హాయిగా తిరిగెను! రాత్రి పట్టినది తెల్లవారుసరికి ఎట్లు వదలెను? ఆయన మనుమని పిలిచి బ్రేకు పెడలు ఒకసారి నొక్కి వదలుమనెను. అప్పుడు చక్రము కదలలేదు. కాలు తీసినను బ్రేకు తీయలేదన్న మాట. చక్రము వెనుకనుండు చిన్న నిపిలును ఆయన పానాతో కొంచెము వదులు చేయగనే నల్లని బ్రేకు ఆయిలు చివ్వున చిమ్మెను. ఆ క్షణముననే చక్రము వదులయ్యెను.

కారణము ఆయనకు అర్థమయ్యెను. పోయిన ద్రవము తిరిగి రాలేకపోవుచున్నది. దారిలో ఎక్కడనో అడ్డు కలదు. ఆ దారిలో ఇనుప గొట్టముకాక మిగిలినది ఒక్కటే. అది చక్రమునకు దగ్గరగానున్న జానెడు రబ్బరు గొట్టము.

మనుమడు వంగి దానిని చూచెను. గుడ్డతో తుడిచి చూచెను. "తాతా! ఈ గొట్టము బాగుగనే యున్నది కదా! ఎక్కడను పగులలేదు, కారలేదు" అనెను.

తాత బదులు చెప్పలేదు. లోపలికి పోయి అలమారలోని పాత లెక్కల పుస్తకమును తెచ్చెను. కారునకు చేయించిన ప్రతి మరమ్మతును తేదీతో వ్రాసి యుంచుట ఆయన తండ్రికి అలవాటు. పుటలు త్రిప్పగా 1998వ సంవత్సరమున ఒకచోట, "బ్రేకు రబ్బరు గొట్టములు మూడు మార్పించితిమి" అని యుండెను. ఆ వెనుక ఇరువదియారు సంవత్సరములలో ఇంజను, టైర్లు, బ్యాటరీ, సీట్లు, రంగు అన్నియు ఉన్నవి. గొట్టముల మాట మరల లేదు.

ఆయన కుర్చీలో కూలబడెను. ముప్పది యేండ్లపాటు తరగతిగదిలో ఆయన పాస్కల్ సూత్రమును బోధించెను. ఫ్రాన్సు దేశస్థుడైన బ్లేజ్ పాస్కల్ పదునేడవ శతాబ్దిలో చెప్పిన మాట అది. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో, అది ఏమాత్రము తరుగక అన్ని వైపులకును సమానముగా వ్యాపించును. దానికి ఉదాహరణముగా ఆయన ఎల్లప్పుడును కారు బ్రేకునే చెప్పెడివాడు. నల్లబల్లపై వేసిన బొమ్మలో గొట్టమును రెండు గీతలతో చూపెడివాడు. ఆ గీతలు దేనితో చేసినవి, అవి ఎన్నాళ్లు నిలుచును అన్న ప్రశ్నను ఆయన పిల్లలను అడుగలేదు. తన్ను తాను అడుగుకొనలేదు. ఆ గొట్టములను నమ్ముకొనియే మనుమని ఎన్నియో పర్యాయములు ఆ కారులో త్రిప్పెను.

బ్రేకు పనిచేయు తీరు వినుటకు సులువే. డ్రైవరు పెడలును నొక్కగా మాస్టరు సిలిండరులోని ముషలకము ద్రవమును నెట్టును. ఆ ఒత్తిడి సన్నని గొట్టముల గుండ పోయి ప్రతి చక్రమువద్దనున్న చిన్న సిలిండరులను చేరును. అవి బ్రేకు షూలను విప్పార్చి, చక్రముతో తిరుగు డ్రమ్మునకు లోపలినుండి ఒత్తును. కాలిబలము పెడలు వలన అయిదురెట్లు హెచ్చునని అనుకొందము. ఇరువది కిలోల బలముతో నొక్కినచో మాస్టరు సిలిండరుపై నూరు కిలోల బలము పడును. దాని వైశాల్యము నాలుగు చదరపు సెంటీమీటర్లయినచో ఒత్తిడి ఒక్కొక్క చదరపు సెంటీమీటరునకు ఇరువదియైదు కిలోలు. చక్రమువద్ద సిలిండరు వైశాల్యము అయిదు చదరపు సెంటీమీటర్లయినచో అక్కడ నూట ఇరువదియైదు కిలోల బలము పుట్టును. వేయి కిలోలకు పైబడిన కారును ఒక ముసలివాని పాదము ఆపగలుగుట ఈ సూత్రము వలననే. ఆ ఒత్తిడినంతటిని గొట్టము గోడలు ప్రతిసారియు ఓర్చుకొనవలెను.

కారు అంతటను ఇనుప గొట్టములే ఉండిన ఈ చింత లేదు. కాని ముందరి చక్రములు కుడియెడమలకు తిరుగును; గతుకులలో అన్ని చక్రములును పైకి క్రిందికి ఊగును. వంగని గొట్టము అక్కడ విరిగిపోవును. కావున ముందరి చక్రములకు ఒక్కొక్కటి, వెనుక ఇరుసునకు ఒకటి, మొత్తము మూడుచోట్ల వంగు గొట్టములు పెట్టిరి. కదలని ఇనుమునకు, కదలెడి చక్రమునకు నడుమ వారధులు అవియే. ఆ కాలపు అంబాసిడరులో బ్రేకు ద్రవమంతటికిని దారి ఒక్కటే. మూడింటిలో ఏ ఒక్కటి పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. తీగతో పనిచేయు హ్యాండ్ బ్రేకు ఒక్కటే మిగులును.

ద్రవముతో పనిచేయు బ్రేకులకు అమెరికా దేశస్థుడైన మాల్కమ్ లాక్‌హీడ్ 1917లో పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ అను కారు నాలుగు చక్రములకును అట్టి బ్రేకులతో వెలువడెను. తొలినాళ్లలో ఆ ద్రవమున ఆముదమును ఆల్కహాలుతో కలిపి వాడెడివారు. మన మెట్టచేలలో పండు ఆముదమేమి, కారు బ్రేకేమి అని ఆశ్చర్యము కలుగవచ్చును. దానికి కారణము కలదు. పెట్రోలు, కిరసనాయిలు, ఇంజను నూనె ప్రకృతిసిద్ధమైన రబ్బరును ఉబ్బించి పాడుచేయును. ఆముదము అట్లు చేయదు. తరువాత రసాయనశాలలలో గ్లైకాల్ జాతి ద్రవములు తయారై దాని చోటును ఆక్రమించెను. నేడు డాట్ మూడు, డాట్ నాలుగు అను గుర్తులతో సీసాలలో అమ్మునవి అవియే. వానికొక దోషమున్నది. అవి గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ మూడు రకపు క్రొత్త ద్రవము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగరాదని నియమము. తేమ నూటికి 3.7 పాళ్లు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. కొండదారిలో బ్రేకులు కాగినప్పుడు ఆ ద్రవము మరిగి ఆవిరి పుట్టినచో, పెడలు నేలను తాకినను బండి ఆగదు. ఏలయన ద్రవము ఒత్తిడికి లొంగదు, ఆవిరి లొంగును.

రబ్బరు సంగతియు అట్టిదే. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగను, చలికి పెళుసుగను మారును. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో దానిని గంధకముతో కలిపి కాచి గట్టిపరచు విధమును కనుగొనెను. అయినను రబ్బరు చిరంజీవి కాదు. గాలిలోని ప్రాణవాయువును, ఓజోనును, వేడియు, కాలమును దానిని తినివేయుచునే యుండును. బ్రేకు గొట్టములో లోపల నొక రబ్బరు పొర, దానిపై నూలు అల్లిక పొరలు, వెలుపల మరియొక రబ్బరు పొర ఉండును. వెలుపలి పొర నిగనిగలాడుచుండగనే లోపలి పొర ఉబ్బి, పొరలు విడి, దారిని మూసివేయుట కలదు. అప్పుడు కాలిబలము ద్రవమును ఎట్లో నెట్టుకొని పోవును. కాని షూలను వెనుకకు లాగు స్ప్రింగుల స్వల్పబలము దానిని తిరిగి రప్పింపలేదు. రాత్రంతయు బొట్టుబొట్టుగా వెనుకకు జారుటచేతనే ఉదయమునకు చక్రము వదలినది.

వినుకొండలోని పరిచితుడైన మెకానిక్కునకు తాత ఫోను చేసెను. "మాస్టారూ! వెలుపల చూచి తీర్పు చెప్పవద్దు. ఒకటి చెడినదనిన మిగిలిన రెండును అదే వయసువి. మూడును మార్చవలసినదే. నాకు ఈ వారము తీరిక లేదు. మీరు చేసికొనగలరు; కాని రోడ్డెక్కక మునుపు నేను వచ్చి చూడవలెను" అని అతడు చెప్పెను.

ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. ఆ ఆదివారము కుమారుడు, కోడలు వచ్చుచున్నారు. అందరును కారులో కోటప్పకొండకు పోవలెనని ముందే అనుకొనిరి. నరసరావుపేటకు దాపుననున్న ఆ కొండపై త్రికోటేశ్వరుని ఆలయము కలదు. పైకి పోవుటకు మలుపుల ఘాటు రోడ్డు కలదు. "ఒక్క పర్యాయమునకు ఏమి కాదులెండి. మెల్లగా నడుపుదురు కదా" అని భార్య అనెను. "మెల్లగా ఎక్కవచ్చును. దిగునప్పుడు బండి మన మాట వినవలెను కదా" అని ఆయన బదులు చెప్పెను. ఆమె మరి మాటాడలేదు.

మరునాడు ఆయన వినుకొండలో రైలెక్కి గుంటూరు చేరి, అక్కడనుండి బస్సులో విజయవాడ ఆటోనగరునకు పోయెను. అంబాసిడరు తయారు ఆగి పది సంవత్సరములైనను ఆ వీధులలో దాని భాగములు దొరకుచునే యుండెను. ఒక దుకాణమువాడు దుమ్ముపట్టిన పెట్టె తెరచి మూడు గొట్టములను చూపెను. "ఇవి ఒక్కసారియైనను వాడలేదు. సగము ధరకే ఇత్తును" అనెను. అవి చూచుటకు క్రొత్తవే. కాని పెట్టెపైనున్న తేదీ పదునాలుగేండ్ల క్రిందటిది. వాడకపోయినను రబ్బరు ముసలిదగును. ఆయన వానిని త్రోసిపుచ్చి, రెండు మూడు దుకాణములు తిరిగి, ఇటీవలి తేదీ గల గొట్టములను, రాగి వాషరులను, మూత విప్పని బ్రేకు ఆయిలు సీసాలను పూర్తి ధరకే కొని తెచ్చెను.

శుక్రవారము ఉదయము పని మొదలయ్యెను. పాకలోని నేల చదునుగా నుండెను. నేలనంటియున్న చక్రములకు ముందు వెనుకల కొయ్యదిమ్మలను అడ్డుపెట్టి, జాకీతో ఒక వైపు ఎత్తిరి. మనుమడు పెరటిలోని నాపరాళ్లను చూపి, "వీనిని పేర్చి కారును నిలుపుదమా?" అని అడిగెను. పల్నాటిలో నాపరాతికి కొదువ లేదు. కాని తాత తల అడ్డముగా త్రిప్పెను. "రాయి విరుగునప్పుడు ముందు చెప్పి విరుగదు, నాయనా! జాకీయు జారవచ్చును. ఒక్క జాకీని నమ్మి కారు క్రింద దూరరాదు" అనుచు, మెకానిక్కు నుండి తెచ్చిన ఇనుప స్టాండులపై బండిని దింపెను. పిదప దానిని చేతులతో ఊపిచూచి, కదలదని రూఢి చేసికొన్న తరువాతనే చక్రమును తీసెను.

ఇనుప గొట్టమును రబ్బరు గొట్టముతో కలుపు మర త్రుప్పుపట్టి యుండెను. ముందురోజు రాత్రియే దానిపై త్రుప్పు వదలించు నూనె చల్లి యుంచిరి. మనుమడు ఉత్సాహముతో పానా పట్టి గట్టిగా లాగబోయెను. తాత అతని చేయి పట్టుకొనెను. ఒక పానాతో రబ్బరు గొట్టము తలను కదలకుండ పట్టి, రెండవ పానాతో మరను మాత్రమే త్రిప్పవలెను. లేనిచో సన్నని ఇనుప గొట్టము చెరకుగడవలె మెలిదిరిగి చిట్లును. మర మూలలు అరిగిన పిమ్మట ఏ పానాయు దానిని పట్టదు. కావున కొంచెము వదులు చేయుట, కొంచెము బిగించుట, మరల నూనె చల్లుట, వేచియుండుట. ఇట్లు అరగంట గడచెను. తుదకు మర చిన్న చప్పుడుతో లొంగెను. మనుమని మొగము వికసించెను.

ఇనుప గొట్టము విడిన తరువాత, గొట్టమును చట్రమునకు పట్టియుంచు నట్టును తీసి, చివరకు చక్రమువద్ద సిలిండరునుండి గొట్టమును విప్పిరి. తెరచిన ఇనుప గొట్టము నోటికి శుభ్రమైన రబ్బరు మూత తొడిగిరి. దుమ్ము రేణువొక్కటి చొచ్చినను లోపలి వాషరు చెడును. తుడుచుటకు పెట్రోలును దగ్గరకు రానీయలేదు. క్రొత్త బ్రేకు ఆయిలుతోనే కడిగిరి. కారు రంగుపై ఒక బొట్టు పడగా తాత వెంటనే నీటితో కడిగివేసెను. ఆ ద్రవము రంగును కరగించును.

క్రొత్త గొట్టమును బిగించుటలో క్రమము తిరుగబడెను. మొదట సిలిండరువద్ద, తరువాత చట్రమువద్ద, చివరకు ఇనుప గొట్టముతో కలిపిరి. గొట్టము మెలిపడకుండ చూచిరి. స్టీరింగును కుడికొనకు, ఎడమకొనకు త్రిప్పి, గొట్టము చక్రమునకు గాని మరి దేనికి గాని ఒరయుట లేదని కనుగొనిరి. ఈ విధముగా సాయంకాలమునకు మూడును మారెను.

అప్పుడు తాత పాత గొట్టమును పీటపై పెట్టి కొడవలితో నిలువున చీల్చెను. మనుమడు దగ్గరగా వంగి చూచెను. వెలుపల చెక్కుచెదరని ఆ గొట్టము లోపల వాచిన గొంతువలె నుండెను. నడుమ నుండవలసిన రంధ్రము సూదిమొన దూరునంతగా కూడ లేదు. ఒకచోట లోపలి పొర ఊడి నాలుకవలె వ్రేలాడుచుండెను. వెనుక ఇరుసు గొట్టమును చీల్చగా లోపలి రబ్బరంతయు పగుళ్లు. చక్రము పట్టుకొనినందున ముందరిది తన జబ్బును చెప్పుకొన్నది. వెనుకది మాత్రము ఏమియు చెప్పక, పగులుటకు సిద్ధముగా నుండెను. ఇద్దరును కొంతసేపు మాటాడలేదు.

"తాతా, ఇది ఆదివారమునాడు కొండమీద పగిలి యున్నచో?" అని మనుమడు మెల్లగా అడిగెను.

"అందుకే ఈనాడు నేలమీద కోసితిమి" అని తాత చెప్పెను.

శనివారము గొట్టములలో చేరిన గాలిని తీయవలసి యుండెను. దానికి ముగ్గురు కావలెను. ఇల్లాలు వంట ముగించి వచ్చి డ్రైవరు సీటులో కూర్చుండెను. ఏబది యేండ్లుగా ఆ కారులో తిరిగినను ఆ సీటులో ఆమె కూర్చుండుట అదియే మొదటిసారి. మాస్టరు సిలిండరునకు మిక్కిలి దూరముననున్న వెనుక ఎడమ చక్రముతో ప్రారంభించి, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అను క్రమములో గాలి తీయవలెను. నిపిలునకు సన్నని పారదర్శక గొట్టము తొడిగి, దాని కొనను బ్రేకు ఆయిలు పోసిన గాజుసీసాలో ముంచిరి. సీసాను మనుమడు పట్టుకొనెను.

"నొక్కుము" అని తాత కేక వేయును. "నొక్కితిని" అని ఆమె పలుకును. ఆయన నిపిలును వదులు చేయును. సీసాలో బుడగలు గలగల వచ్చును. పెడలు నేలను చేరును. ఆయన నిపిలును బిగించి, "వదలుము" అనును. బిగించక మునుపే కాలు తీసినచో గాలి మరల లోనికి పోవును. అందుచేత ఆమె ప్రతిసారియు, "ఏమండీ, వదలనా?" అని అడిగి గాని వదలలేదు. అయిదారు పర్యాయములకొకసారి పై పాత్రలో ఆయిలు తరుగకుండ నింపుచుండిరి. అది ఎండిపోయినచో చేసిన పని అంతయు మొదటికి వచ్చును. క్రమముగా నల్లని ద్రవము పోయి తేనెరంగు ద్రవము వచ్చెను, బుడగలు తగ్గెను, తుదకు ఆగిపోయెను. పాత ద్రవమును మరల వాడలేదు. నేలపైన గాని కాలువలో గాని పారబోయలేదు. డబ్బాలో పోసి, మెకానిక్కు వచ్చినప్పుడు అప్పగించుటకు ఉంచిరి.

నాలుగు చక్రములును అయిన తరువాత ఆమె పెడలును నొక్కి, "ఇది ఇంకను దూదివలె మెత్తగా నున్నదండీ" అనెను. తాత నొసలు ముడివడెను. మనుమడు పాత వార్తాపత్రికలను చింపి ప్రతి గొట్టము క్రిందను పరచెను. "నాయనమ్మా! గట్టిగా నొక్కి పట్టుకొనుము" అనెను. రెండు నిమిషములు గడచెను. ముందు కుడి చక్రము క్రింది కాగితముపై బొట్టు తడి కనబడెను. "తాతా! ఇచ్చట!" అని అతడు అరచెను.

తాత వెలవెలబోయెను. అక్కడ పెట్టవలసిన రాగి వాషరు చేయిజారి దొర్లిపోగా, ముందురోజు సంజచీకటిలో వెదకు ఓపిక లేక పాత వాషరునే తుడిచి బిగించెను. రాగి వాషరు ఒకసారి నలిగి తన చోటికి సరిపడును. రెండవసారి అట్లు నలుగదు. "తప్పు నాదే. పెద్దవాడనని, ఒక్క వాషరునకు ఏమగునని అనుకొంటిని" అని ఆయన మనుమని యెదుట దాచక చెప్పెను. దానినే మరింత బిగించి చూడవచ్చును. ఆయన అట్లు చేయలేదు. లాంతరు వెలిగించి ముగ్గురును వెదకిరి. వాషరు కొయ్యదిమ్మ క్రింద దొరకెను. గొట్టము మరల విప్పి, క్రొత్తది వేసి, గాలి తీయుట మొదటినుండి చేసిరి. ఈసారి పెడలు సగము దిగి రాయివలె నిలిచెను. కాగితములన్నియు పొడిగానే యుండెను.

ఆదివారము తెల్లవారుజామున మెకానిక్కు వచ్చెను. టార్చి పట్టుకొని ప్రతి మరను చూచెను, చేతితో తడిమెను, పెడలును నొక్కి అదిమిపట్టెను. పిదప ఊరి వెలుపలి ఖాళీ మైదానములో ఒక్కడే కూర్చుండి, మొదట నడక వేగముతోను, తరువాత కొంచెము హెచ్చు వేగముతోను బండిని నడిపి ఆపిచూచెను. హ్యాండ్ బ్రేకును వేరుగా పరీక్షించెను. నాలుగు చక్రములను తాకి, అన్నియు సమానముగా నున్నవని తెలిసికొనిన తరువాత, "మాస్టారూ, ఇక మీరు పోవచ్చును" అనెను. పని తెలిసినవాడు చూచినగాని ఇంటిలో చేసిన బ్రేకుపని పూర్తి కాదు. ఆ మాటను తాత మొదటినుండియు మరువలేదు.

ఆనాడు కోటప్పకొండకు కార్తికమాసపు భక్తులు చాలమంది వచ్చి యుండిరి. దర్శనమైన తరువాత కారు దిగుట మొదలిడెను. తాత రెండవ గేరులో వేసి ఇంజను పట్టుతోనే బండిని దింపుచు, అవసరమైనచోట మాత్రము పెడలును తాకుచుండెను. ఒక మలుపు తిరుగగనే ముందున్న వాహనములన్నియు ఆగి యుండెను. ఆయన నొక్కెను. కారు కుడికి గాని ఎడమకు గాని లాగక, గీత గీచినట్లు నిలిచెను. వెనుక కూర్చున్న కుమారుడును కోడలును మాటలలో నుండి దానిని గమనింపనేలేదు. ముందు కూర్చున్న మనుమడు మాత్రము తాత వంక చూచెను. తాత అద్దములో భార్య వంక చూచెను. ఆమె తన కుడి పాదమును కొంచెము వెనుకకు తీసికొని నవ్వెను.

ఏమియు జరుగలేదు. బ్రేకు బాగుగనున్నదనుటకు అంతకంటె వేరు నిదర్శనము లేదు. మంచి ఇంజనును లోకము మెచ్చుకొనును; మంచి బ్రేకును ఎవరును తలంపరు. ఆపదలను తప్పించు పనులలో పెక్కింటికి మెప్పు ఉండదు. వానిని ఎవరును చూడకున్నను చేయవలసినదే.

ఆ రాత్రి మనుమడు లెక్కల పుస్తకమును తెరచి, ముత్తాత వ్రాతకు క్రింద, ఇరువదియారు సంవత్సరముల ఖాళీ దాటి, ఇట్లు వ్రాసెను: "2024. బ్రేకు రబ్బరు గొట్టములు మూడు మార్చితిమి. మార్చినది తాత. కారుట కనిపెట్టినది నేను. పెడలు నొక్కినది నాయనమ్మ." తాత దానిని చదివి, కలము తీసికొని, క్రింద మరియొక పంక్తి చేర్చెను: "ఏటేట చూడవలెను. పైకి బాగుగనున్నను చూడవలెను."